పట్టుచీరకు పిన్ను

బరంపురం పట్టు దుకాణాల్లో తరతరాలుగా మాటలు పడుతున్న ఒక వర్గానికి ఇన్నాళ్ళకు న్యాయం జరిగింది. పరుపు మీద తీరుబడిగా కూర్చుని, బీరువాలో ఉన్న చీరలన్నీ విప్పించి, ఒక్కొక్కటీ భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుని, చివరికి 'మళ్ళీ వస్తాం బాబూ' అని లేచిపోయే మహాతల్లులే ఆ వర్గం. వాళ్ళు గుమ్మం దిగాక చీరలు మడతపెడుతూ గుమస్తా గొణిగే మాటలు అచ్చువేయదగ్గవి కావు. అదే అలవాటును నమ్ముకుని 2010లో అమెరికాలో పింటరెస్ట్ అనే సంస్థ మొదలైంది. అక్కడ జనం పెట్టిన బొమ్మలు చూడడం, నచ్చింది దాచుకోవడం, లేచిపోవడం. అలా పెట్టిన బొమ్మ పేరు పిన్ను, దాచుకునే అర పేరు బోర్డు. ఇప్పుడు నెలకు 50 కోట్ల మందికి పైగా ఆ పనిలో ఉన్నారు. 2019లో కంపెనీ వాటాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ ఎక్కాయి. మన గుమస్తా తిట్టుకున్న దాన్ని వాళ్ళు షేరు మార్కెట్లో అమ్ముకున్నారు.

కాబట్టి బరంపురం ఉన్న ఒడిశా గంజాం జిల్లా వ్యాపారులు కొనేవాళ్ళను వదిలేసి దాచుకునేవాళ్ళను ఆశ్రయించాలని నా సవినయ మనవి. కొనేవాడితో ఎన్ని బాధలు! బేరమాడతాడు, అరువడుగుతాడు, పండగ వెళ్ళాక మడత నలిగిన చీర తెచ్చి రంగు మార్చి ఇమ్మంటాడు. దాచుకునేవాడికి టీ కూడా పోయక్కర్లేదు. ఎక్కడో బ్రెజిల్లో ఒకావిడ మన కుంభం అంచు పట్టుచీరను 'వంటింటి గోడ రంగులు' అనే బోర్డులో దాచుకుంటుంది. జీఐ, అంటే ఊరిపేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు పొందిన నేతకు ఇంతకన్నా అంతర్జాతీయ గౌరవం ఏముంటుంది?

ఈ పుణ్యకార్యం ప్రతి దుకాణంలోనూ మేనల్లుడి మీదే పడుతుంది. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, 'డిజిటల్ చూసుకుంటున్న' మేనల్లుడు. అతనికి ప్రపంచమంతా వాట్సాప్ స్టేటస్‌లాగే కనిపిస్తుంది. పొద్దున్నే గులాబీలతో శుభోదయం, మధ్యాహ్నం దుకాణం ముందు మావయ్య ఫోటో, సాయంత్రం 'ఒకసారి వస్తే మళ్ళీ మళ్ళీ వస్తారు'. పింటరెస్ట్‌లో జనం స్నేహితుల కబుర్ల కోసం తిరగరనీ, కావాల్సింది టైపు చేసి వెతుక్కుంటారనీ అతనికి ఎవరూ చెప్పలేదు. వెతికేవాళ్ళకు మన దుకాణం పేరు తెలియదు. 'పెళ్ళికి ఎర్రంచు పట్టుచీర' అని కొడతారు. ఆ మాటలు శీర్షికలో, కింద వివరణలో, బోర్డు పేరులో ఉండాలి. మనవాడు బోర్డుకు పెట్టిన పేరు 'న్యూ స్టాక్'. పెళ్ళికూతురెవరైనా రాత్రి పడుకునే ముందు 'న్యూ స్టాక్' అని వెతికితే మన పంట పండినట్టే. ఒడియా, తెలుగు, హిందీ మూడింట్లోనూ నోటితో బేరమాడగలిగిన కుటుంబానికి, ఫోటో కింద మూడు మాటలు రాయాలంటే మాత్రం చెయ్యి రాదు.

ఇక ఆకారం. అక్కడ నిలువు బొమ్మలదే రాజ్యం. వెడల్పు రెండు పాళ్ళయితే ఎత్తు మూడు, అంటే 1000కి 1500 పిక్సెళ్ళు. మన ఫ్లెక్సీ సంస్కృతి యావత్తూ అడ్డంగా పడుకున్నదే, మధ్యలో నాయకుడు, అటూ ఇటూ అనుచరులు, మూల మీద దుకాణం పేరు. పట్టుచీర పైట పుట్టుకతోనే నిలువు గనుక బతికిపోయింది. బరంపురం అప్పడానికి ఆ అదృష్టం లేదు. గుండ్రటి అప్పడాన్ని నిలువు చట్రంలో పెడితే పైనా కిందా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి మళ్ళీ మావయ్యే వస్తాడు.

బొమ్మలో ఏముందో యంత్రం కూడా చూస్తుంది. 2017లో పింటరెస్ట్‌లో వచ్చిన లెన్స్ అనే సదుపాయంతో ఏదైనా వస్తువును చూపిస్తే దాన్ని పోలినవి వెతికి పెడుతుంది. మనవాడు ఎక్కించిన ఫోటోలో చీర వెనక గోడకు వేలాడుతోంది, ముందు ఒక ప్రజాప్రతినిధి రిబ్బను కత్తిరిస్తున్నాడు. దాన్ని పోలినవి వెతికితే తెల్ల చొక్కాలు వస్తాయి. అమ్మకానికి తెల్ల చొక్కాలు లేవు.

సమయం సంగతీ అంతే. స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. పిన్ను మాత్రం నెలల తర్వాత కూడా ఎవరో వెతికినప్పుడు పైకి తేలుతుంది, నిజానికి దాని బలమంతా అక్కడే ఉంది. అందుకే పండగ సరుకు నెల, నెలన్నర ముందే పెట్టాలి. జనం అప్పటి నుంచే వెతుకుతారు. ఒడియా ఇల్లాళ్ళకు సావిత్రి అమావాస్యకు కొత్త చీర తప్పనిసరి, ఆ చీర బొమ్మ సరిగ్గా అమావాస్య సాయంత్రం మన దుకాణం నుంచి ప్రపంచంలోకి అడుగుపెడుతుంది. వ్రతం అయిపోయి ఆవిడ ఉపవాసం నీరసంతో పడుకుని ఉంటుంది. తర్వాత ఏ మాఘంలోనో పుణె నుంచి ఒకరు అదే చీర కావాలని అడుగుతారు. అది ఎప్పుడో ఇచ్ఛాపురం వియ్యాలవారింటికి చేరింది. మళ్ళీ నేయించాలంటే మగ్గం మీద రోజులు పడుతుంది, అసలు నేసే చేతులే తగ్గిపోతున్నాయి. ఈ ముక్కలో వ్యంగ్యమేమీ లేదు, క్షమించాలి.

ఇంత చేసినా నెలాఖరున మేనల్లుడు లెక్క చూపించక తప్పదు. బిజినెస్ ఖాతా ఉచితమే కాబట్టి లెక్కలు కూడా ఉచితంగానే వస్తాయి. బొమ్మ ఎన్నిసార్లు తెర మీద కనబడింది, ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది నొక్కి పెద్దది చేసి చూశారు, ఎంతమంది లింకు పట్టుకుని బయటి వెబ్‌సైట్‌కు వెళ్ళారు. మొదటి గడిలోని అంకె చూసి మావయ్య మిఠాయి తెప్పించాడు. అది నోట్లో పెట్టుకోబోతూ ఆగి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

'చివరి గడిలో సున్నా ఉందేమిట్రా?'

'మనకి వెబ్‌సైట్ లేదు కదా మావయ్యా. వచ్చినవాళ్ళని ఎవర్నీ బయటికి పోనివ్వడం లేదు.'

మావయ్య మిఠాయి తిన్నాడు.