సవరణ: బైయరింక్, అజోటోబాక్టర్

డచ్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త మార్టినస్ బైయరింక్‌పై ఇంతకుముందు వచ్చిన టపాలో ఆయన 1888లో డెల్ఫ్ట్ ప్రొఫెసర్‌గా ఉంటూ పప్పుజాతి వేరు బుడిపెల బ్యాక్టీరియాను వేరుచేశాడని ఉంది. అప్పటికి ఆయన ప్రొఫెసర్ కాదు. 1885 నుంచి డెల్ఫ్ట్‌లోని ఈస్టు, స్పిరిట్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పాలిటెక్నిక్‌లో ఆచార్య పదవి 1895లో వచ్చింది, 1921లో విరమణ. పొగాకు తెగులు వ్యాసం (1898), గాలిలోని నత్రజనిని వాడుకునే బ్యాక్టీరియా అజోటోబాక్టర్‌పై పని (1901) మాత్రం ప్రొఫెసర్ అయ్యాకే.

అసలు చిక్కు ఆ టపాలో ఇచ్చిన అజోటోబాక్టర్ పెంపకం కొలతల్లో ఉంది. లీటరు నీటికి మానిటాల్ (చక్కెర లాంటి పదార్థం, బ్యాక్టీరియాకు ఆహారం) 2 గ్రాములు కాదు, 20. డైపొటాషియం ఫాస్ఫేట్ 0.2 గ్రాములు. అమ్మోనియా, నైట్రేట్ లవణాలేవీ వేయకూడదు. వేస్తే గాలిలోని నత్రజనితో పనిలేని సూక్ష్మజీవులన్నీ ఎగబడతాయి. బైయరింక్ కిటుకంతా ఆ నత్రజని లవణాల లోటులోనే ఉంది. ఫ్లాస్కును మెడదాకా నింపమనడం కూడా తప్పే. వెడల్పు అడుగున్న ఫ్లాస్కులో పలచగా పోసి, చిటికెడు తోటమట్టి వేసి, 28–30 డిగ్రీల దగ్గర కదపకుండా ఉంచాలి. రెండుమూడు రోజుల్లో పైన తెట్టు కడుతుంది. లోతుగా పోస్తే అడుగున గాలి అందక, గాలి లేనిచోట బతికే క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా పెరుగుతుంది, దాని బ్యుటిరిక్ ఆమ్లం కంపు ముక్కు పగలగొడుతుంది. మానిటాల్ బదులు గ్లూకోజ్ వాడితే ఆ బెడద ఇంకా ఎక్కువ.

మన ఎరువుల దుకాణాల్లో జీవన ఎరువుగా దొరికే అజోటోబాక్టర్ ఈ జాతిదే. పప్పుజాతి వేళ్లకు బుడిపెలు కట్టే రైజోబియం మరో జాతి.