ఈడు మీదకు నెట్టేసి చేతులు దులుపుకోకండి

హైస్కూల్లో చదువుకునే పిల్లవాడు లోలోపల రాక్షసుడిగా మారిపోతూ, ఆ సంగతి ఇంట్లోనూ బడిలోనూ ఎవరి కంటా పడకుండా రోజులు నెట్టుకొచ్చే కథ ఏది వచ్చినా, దాని గురించి మనవాళ్లు రాసే మొదటి మాట ఒకటే ఉంటుంది. ఇదంతా యుక్తవయసుకు ప్రతీక అంటారు. ఒంటి మీద వెంట్రుకలు రావడం, గొంతు మారడం, పట్టరాని కోపం, అద్దంలో కనిపించేది తన ముఖమేనా అన్న అనుమానం, అన్నీ చక్కగా అతికిపోతాయి కాబట్టి ఆ మాట అన్నవారికి కథ మొత్తం అర్థమైపోయినంత తృప్తి కలుగుతుంది. ఆ వ్యాఖ్య తప్పని నేను అనను. అయితే అది కథలోని పెద్దవాళ్లందరినీ చాలా సులువుగా వదిలేస్తుంది. ఈడు రావడానికి ఎవరూ జవాబుదారీ కారు. పిల్లవాడు తన భయాన్ని ఎవరికీ చెప్పుకోలేని స్థితిలో పడ్డాడంటే మాత్రం, దానికి జవాబు చెప్పాల్సినవారు ఆ ఇంట్లోనో ఆ బడిలోనో తప్పకుండా ఉంటారు.

ఈ తరహా కథలకు దారి వేసినదిగా చెప్పుకునే 1957 నాటి అమెరికన్ సినిమా 'ఐ వాజ్ ఎ టీనేజ్ వేర్‌వుల్ఫ్'నే చూడండి. అందులో టోనీ అనే కుర్రాడికి ముక్కు మీద కోపం. వాడిని బాగుచేయడానికి ఒక మానసిక వైద్యుడి దగ్గరకు పంపుతారు. మానవజాతి బతకాలంటే ఆదిమ దశకు తిరిగి వెళ్లడమే మార్గమని నమ్మే ఆ పెద్దమనిషి, వాడికి మందు ఎక్కించి, హిప్నాటిజం చేసి తోడేలు మనిషిగా మారుస్తాడు. ఒకరోజు బడి వ్యాయామశాలలో ఒక అమ్మాయి సాధన చేస్తూ ఉండగా, టోనీ తల పక్కనే బడిగంట మోగుతుంది. ఆ మోతకే వాడు మారిపోతాడు. పున్నమి చంద్రుడు కాదు, ఈడు కాదు, రోజూ పిల్లలను వరుసలో నడిపించే ఆ గంట! వాడిలోని మృగాన్ని లేపినది వాడిని నయం చేస్తానని చేరదీసిన వైద్యుడే. దీన్ని వయసు తెచ్చిన మార్పు కింద జమకడితే అసలు నేరస్థుడు తప్పించుకుపోతాడు.

1985లో వచ్చిన 'టీన్ వుల్ఫ్' గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అక్కడ కుర్రాడి రహస్యం బాస్కెట్‌బాల్ ఆటలో నలుగురి ముందూ బయటపడుతుంది, బడి మొత్తం వాడిని నెత్తిన పెట్టుకుంటుంది. సరదా సినిమాయే, కాదనను. కానీ దాచడం వల్ల ఏ నష్టమూ లేని చోట, బయటపడితే చప్పట్లే దక్కే చోట, దాన్ని రహస్యం అనడంలో అర్థం లేదు. ఆ తర్వాత టెలివిజన్ ధారావాహికల్లో వరస కట్టిన అందమైన రాక్షసులందరిదీ ఇదే తంతు. వాళ్లకు బలం పెరుగుతుంది, చూపు పెరుగుతుంది, ప్రేమించేవారూ పెరుగుతారు, మార్కులు మాత్రం తగ్గవు.

2000లో కెనడా నుంచి వచ్చిన 'జింజర్ స్నాప్స్' దగ్గర ఈ ప్రతీకల వాదం నిజంగా బోల్తా పడుతుంది. మొదటిసారి నెలసరి వచ్చిన రాత్రే జింజర్ అనే అమ్మాయిని తోడేలు లాంటి మృగం కరుస్తుంది కాబట్టి, ఈడుతో పోలిక అక్కడ ఎవరూ వెతుక్కోవలసిన అవసరమే లేదు. అయితే జింజర్, ఆమె చెల్లెలు ఇద్దరూ బడిలోని నర్సు దగ్గరకు వెళ్లి రక్తస్రావం గురించీ వెంట్రుకల గురించీ చెప్పుకున్నప్పుడు, ఆమె చిరునవ్వు చెరగకుండా ఇదంతా మామూలేనని నచ్చజెప్పి పంపేస్తుంది. ఈ రోజు సమీక్షకులు తెలివిగా అంటున్న మాటనే ఆ నర్సు పాతికేళ్ల క్రితమే అనేసింది. సినిమా ఆ మాటను చూసి నవ్వుతోంది. మామూలేనన్న ఆ భరోసాను పట్టుకునే పిల్లలు ఇంటికి వెళ్లారు, ఆ తర్వాత ప్రాణాలు పోయాయి. చివరికి విషయం తెలిసిన తల్లి చేసిన పని కూడా గమనించదగ్గది. పోలీసులకు చెప్పాలన్న ఆలోచనే ఆమెకు రాదు. ఇంటిని గ్యాసుతో నింపి తగలబెట్టి, కూతుళ్లను తీసుకుని ఎటైనా పోవాలని నిర్ణయించుకుంటుంది. అది సబబా కాదా అన్నది వేరే చర్చ, కానీ రహస్యం బరువులో వాటా అడిగిన ఏకైక పెద్ద మనిషి ఆమె ఒక్కతే.

మన చందమామ కథల్లో రాక్షసుడిగా మారమని శపించిన మునే, కాళ్ల మీద పడి వేడుకోగానే విమోచనం ఎప్పుడో కూడా చెప్పి పోతాడు. ఫలానా రాజకుమారుడు వచ్చేదాకా ఓపిక పడితే సరిపోతుంది. ఈ హైస్కూలు కథల్లో పిల్లలకు ఆ సౌకర్యం లేదు, గడువు చెప్పేవారే లేరు.

ఈ విషయాన్ని నా దృష్టిలో అన్నిటికన్నా నిజాయితీగా పట్టుకున్నది హితోషి ఇవాకి గీసిన 'పారసైట్' అనే జపాన్ మాంగా, అంటే బొమ్మల కథ. అదే పేరున్న కొరియా సినిమాతో దీనికి సంబంధం లేదు. 1980ల చివర్లో మొదలై 1990ల తొలి సగం దాకా సాగిన ఈ కథ 2014లో అనిమేగా, అంటే జపాన్ యానిమేషన్ ధారావాహికగా వచ్చింది. షినిచి అనే పదిహేడేళ్ల కుర్రాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోవడం వల్ల, మెదడులోకి దూరవలసిన పరాన్నజీవి చెవి దారి దొరక్క కుడిచేతిలోకి దూరుతుంది. అతను ఆ ఇయర్‌ఫోన్ల తీగతోనే చేతిని బిగించి కట్టి దాన్ని అక్కడే ఆపుతాడు. తెల్లవారేసరికి ఆ చేతికి కన్నూ నోరూ బుద్ధీ ఉంటాయి. మిగి అనే ఆ జీవికి జాలి అంటే తెలియదు, అబద్ధం ఆడవలసిన అవసరమూ లేదు. ఊళ్లో మిగతా పరాన్నజీవులు మనుషులను తింటున్న సంగతి షినిచికి తెలుసు. చెబితే మిగి ఊరుకోదు, చెప్పగలిగినా పరిశోధనశాలలో తనను కోస్తారన్న భయం. అతని మౌనానికి ఖరీదు చెల్లిస్తున్నది ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషులు. సరదా రాక్షసుల కథలన్నీ తప్పించుకుపోయే లెక్క ఇదే.

ఆ లెక్క తర్వాత సొంత ఇంటికే వస్తుంది. ప్రయాణంలో ఉన్న తల్లిని ఒక పరాన్నజీవి చంపి, ఆమె శరీరంతోనే ఇంటికి తిరిగివస్తుంది. చిన్నప్పుడు షినిచి మీద పడబోయిన కాగే నూనెను అడ్డుకుని, జన్మంతా చేతి మీద కాలిన మచ్చతో బతికిన తల్లి ఆమె. ఇది నీ తల్లి కాదని మిగి చెబుతున్నా అతను నమ్మడు, ఎదురుగా వెళ్తాడు, గుండెలో పోటు తింటాడు. అతన్ని బతికించడానికి మిగి గుండెను అతకగా, దాని కణాలు ఒళ్లంతా పాకుతాయి. అక్కడి నుంచి చాలాకాలం అతనికి ఏడుపు రాదు. అనిమేలో కళ్లజోడు కూడా అవసరం లేకుండా పోతుంది. మరొక కథ అయితే దీన్నే వరంగా చూపించేది.

బండి గుద్దిన కుక్కపిల్లను షినిచి ప్రాణం పోయేదాకా చేతుల్లో పట్టుకుంటాడు. పోయిన వెంటనే తీసుకెళ్లి చెత్తకుండీలో వేస్తాడు. చచ్చిపోయాక అది కుక్క ఆకారంలో ఉన్న మాంసమే కదా అన్నది అతని తర్కం. పక్కనున్న మురానో అనే అమ్మాయి ముఖం మారిపోవడం చూశాక గానీ అతనికి తాను చేసిన పని తట్టదు. అప్పుడు వెనక్కి వెళ్లి చెట్టు కింద పాతిపెడతాడు. రహస్యం ఏమిటో మురానోకు తెలియదు, కానీ మనిషి మారాడని మాత్రం తెలిసిపోతోంది. నువ్వు ఇజుమివే కదా అని, షినిచిని ఇంటిపేరుతో పిలుస్తూ, కథ పొడుగునా ఆమె అడుగుతూనే ఉంటుంది. దాచిన విషయాన్ని గుట్టుగా ఉంచడం అతనికి సాధ్యమైంది గానీ, దాచడం వల్ల తనలో వచ్చిన మార్పును దాచడం సాధ్యం కాలేదు.

అదే బడికి లెక్కల టీచరుగా వచ్చిన పరాన్నజీవి తమియా కథ దీనికి జంటగా నడుస్తుంది. ఆమె నటనలో లోపం లేదు, కానీ ఆ శరీరం అసలు యజమానురాలి తల్లి, నువ్వు నా కూతురివి కావని చూడగానే పట్టేస్తుంది. అందుకు ఆ ముసలామె చంపబడుతుంది. ఇవాకి ఇద్దరు తల్లులను చూపించి, ఒకచోట బిడ్డ తల్లిని గుర్తుపట్టలేకపోవడాన్నీ, ఇంకొకచోట తల్లి బిడ్డను గుర్తుపట్టినందుకే చావడాన్నీ ఎదురెదురుగా నిలబెట్టాడు. దీనంతటినీ హార్మోన్ల ఖాతాలో వేసేవారితో నాకు పేచీ ఉంది.

రక్తపాతం ఎక్కువని మొదటి భాగంతోనే ఆపేసినవారు నాకు చాలామంది తెలుసు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. ఇది చిన్నపిల్లలకు పెట్టదగ్గది కాదు. పెద్దవారు మాత్రం తల్లి ఇంటి తలుపు తెరిచే ఘట్టం దాకా చూడండి, ఆ తర్వాత కూడా ఇది కేవలం ఈడు కథేనని అనిపిస్తే వచ్చి వాదించండి.