క్రీడా ప్రాంగణంలో వడ్ల కుప్పలు

కోతల రోజుల్లో తెలంగాణ పల్లెల్లో తిరిగితే ఈ దృశ్యం తరచూ ఎదురవుతుంది. గేటు మీద ‘తెలంగాణ క్రీడా ప్రాంగణం’ అని పెద్ద బోర్డు ఉంటుంది. లోపల మాత్రం పరదాల మీద ఆరబోసిన వడ్లు, డబుల్ బార్ మీద ఆరేసిన గోనె సంచులు.

నవ్వొస్తుంది కానీ రైతును తప్పుపట్టలేం. వడ్లు ఆరబెట్టుకోవడానికని ఉపాధి హామీ నిధులతో సిమెంటు కల్లాలు కడితే, అది నిధుల మళ్లింపని కేంద్రం 2022లో అభ్యంతరం చెప్పింది. 151 కోట్లకు పైగా వెనక్కి ఇమ్మంది. ఊరికో ఆటస్థలమంటూ రాష్ట్ర ప్రభుత్వం అదే ఏడాది జూన్ 2న మొదలుపెట్టిన క్రీడా ప్రాంగణాలకు కూడా ఉపాధి హామీ నిధులే వాడారు. కల్లం వివాదంలో పడింది, ఆటస్థలం కల్లమైంది! ఊళ్లో చదునుగా ఉండి, అడిగేవాళ్లు లేని జాగా అదే మరి.

అడిగేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బని నా అనుమానం. అదే పంచాయతీలో మొక్కల సంగతి చూడండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్, కార్యదర్శుల పదవికే ఎసరు. నీళ్లు పోయడానికి ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్యాంకరు వచ్చాయి. అందుకే పల్లె ప్రకృతి వనాల్లో, అంటే ఊళ్లలో పెంచిన చిన్న పార్కుల్లో, ఎంతో కొంత పచ్చదనం నిలిచింది. ఎండిపోయిన మొక్కకు జవాబు చెప్పేవాళ్లున్నారు. చిరిగిపోయిన వాలీబాల్ నెట్టుకు లేరు. ఉపాధి హామీ డబ్బుతో నేల చదును చేయించారు, గుంత తవ్వించారు. మరి ఏడాదికి నాలుగు బంతులు ఎవరు కొనాలి? లాంగ్‌జంప్ పిట్‌లో మొలిచిన సర్కారు తుమ్మను ఎవరు పీకాలి? 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి పంచాయతీలు ప్రత్యేక అధికారుల చేతికి వెళ్లినప్పుడు, వీధి దీపాలకే డబ్బులు కష్టమైన చోట బంతి మాట ఎత్తిందెవరు?

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. రాజ్యాంగం 12వ షెడ్యూల్ పట్టణాలకు అప్పగించిన 18 పనుల్లో పార్కులు, ఆటస్థలాలు అని స్పష్టంగా రాసి ఉంది. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూల్‌లో 29 అంశాలున్నా ఆటస్థలం అన్న మాటే లేదు. గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి. పల్లెలో ఎక్కడ చూసినా ఖాళీ జాగాయే కదా, ప్రత్యేకంగా ఆటస్థలం ఎందుకు అనుకున్నారేమో! ఆ ఖాళీలు ప్లాట్లైపోయి చాలా కాలమైంది. ఊరి నడుమ సర్కారు భూమి మిగల్లేదు కాబట్టే ఎన్నో చోట్ల ప్రాంగణం చెరువు శిఖం పక్కకో, వైకుంఠధామం (శ్మశానం) దారిలోకో పోయింది.

అలాంటి చోటికి సాయంత్రం ఆరు దాటాక పన్నెండేళ్ల ఆడపిల్లను ఎవరు పంపుతారు? మగపిల్లలకు రోడ్డు పక్కన బీడు చాలు, మూడు కర్రలు పాతి క్రికెట్ మొదలెడతారు. పెద్దవాళ్లకు చాయ్ హోటల్ ఉంది, గుడి అరుగు ఉంది. ఆడవాళ్లు ఏ పనీ చెప్పుకోకుండా, నలుగురూ కలిసి ఆరుబయట ఊరికే గడిపే సమయం ఏడాదిలో ఎంత? బతుకమ్మ తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో మాత్రం పంచాయతీ చెరువు గట్టు శుభ్రం చేయిస్తుంది, లైట్లు కట్టిస్తుంది. తొమ్మిది రోజులు చేయగలిగింది మిగతా రోజుల్లో ఎందుకు చేయలేదో అడగాలి. ఇది డబ్బు సమస్య కన్నా, ఆడవాళ్ల తీరికను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వచ్చిన సమస్య.

11వ షెడ్యూల్‌లో చోటు దక్కిన లైబ్రరీ సంగతి క్లుప్తంగా. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది, ఆటలకు అదీ లేదు. సెస్సు ఉన్నా బకాయిలు పేరుకుపోతాయన్నది వేరే కథ.

కొత్త జాగా వెతకడం కన్నా బడి మైదానం నయమనిపిస్తుంది. చాలా ఊళ్లలో అది ఇళ్ల మధ్యే ఉంటుంది, దీపం ఉంటుంది, బోరు ఉంటుంది. సర్కారు బడుల బాగు కోసం పెట్టిన ‘మన ఊరు – మన బడి’ పథకం కింద చేపట్టిన 12 రకాల పనుల్లో ప్రహరీ గోడ కూడా ఒకటి. గోడ మంచిదే, కానీ బడి వదలగానే గేటుకు తాళం పడుతుంది. హెడ్మాస్టరుది తప్పనలేం. తెల్లారేసరికి వరండాలో బీరు సీసాలు ఏరాల్సింది ఆయనే. అందుకే తాళంచెవి ఆయన మెడకు చుట్టకుండా మహిళా సంఘానికి ఇచ్చి చూడాలి. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు గేటు తీయడం, వారంలో మూడు రోజులు ఆడపిల్లలకే మైదానం వదలడం వాళ్ల పని. బంతులు, నెట్టు, ఒక లైటు పంచాయతీ ఖర్చు. వాటికి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు రాసి గ్రామసభలో చదివితే, నెట్టు చిరిగిన రోజున ఎవరిని నిలదీయాలో ఊరికి తెలుస్తుంది.