నీ ముఖం మాకు తెలుసు, ఊరి సంగతి రాయి

విదేశాలు చూడడానికి వెళ్ళిన పిల్లలు ఇంటికి పంపే ఫొటోల మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఈరోజు వెళ్ళగక్కేస్తాను. ఏ దేశం వెళ్ళినా అదే వరస. నల్ల కళ్ళద్దాలు, పైకెత్తిన రెండు వేళ్ళు, వెనకాల మూలకి నక్కిన కట్టడం, కింద ఓ గుండె బొమ్మ. ఇక్కడ శ్రీకాకుళంలో కూర్చుని మేమంతా తిరిగి గుండె బొమ్మలు పెట్టాలి. నాయనా, నీ ముఖం మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలియనిది నీ వెనకాల ఉన్నదే.

పెద్దవాళ్ళం మనమేమీ తక్కువ తినలేదు. తిన్నావా, చలిగా ఉందా, ఎంతయింది? ఈ మూడూ అయ్యాక ఫోను పక్కవాళ్ళకి ఇచ్చేస్తాం. వాళ్ళు మళ్ళీ తిన్నావా అని మొదలుపెడతారు. ఇక ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దాయన ఉంటాడు. "శ్రీముఖలింగం చూడనివాడికి ఈజిప్టు దేనికి?" అంటాడు. ఆయన శ్రీముఖలింగం వెళ్ళి ఎన్నేళ్ళయిందో మాత్రం అడగకూడదు.

ఈజిప్టు అని ఊరికే అనలేదు. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు సెలవులకి అక్కడికి వెళ్ళాడు. అబూ సింబెల్ నుంచి యథాప్రకారం ఫొటో వచ్చింది. అక్కడ గుడి ముందు రామ్సెస్ రాజు విగ్రహాలు నాలుగు, ఒక్కొక్కటి దాదాపు 20 మీటర్ల ఎత్తు. అంతటి రాజులో మా వంతుకి వచ్చింది వాడి భుజం మీదుగా కనబడే ఒక మోకాలు.

"అది ఏ దేవుడి గుడి?" అని మా అమ్మ అడిగింది. నాకు ఒళ్ళు మండి, "అమ్మమ్మ అడుగుతోంది, చూసింది చూసినట్టు రాయి" అని వాడికి పంపాను. రాత్రికి నిజంగానే రాశాడు. 3,200 ఏళ్ళ కిందట కొండని తొలిచి చేసిన గుడి అట. ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న ఉదయపు ఎండ గుమ్మంలోంచి దాదాపు 60 మీటర్లు లోపలికి వెళ్ళి గర్భగుడిలో విగ్రహాల మీద పడుతుందట. నలుగురు కూర్చున్న వరసలో ప్తా అనే దేవుడు మాత్రం చీకట్లోనే ఉండిపోతాడట.

ఇది వినగానే మా అమ్మ లేచి కూర్చుంది. మార్చిలోనూ అక్టోబరులోనూ అరసవల్లి స్వామి పాదాలకి కిరణాలు తాకే రోజుల్లో తెల్లవారకముందే వెళ్ళి నిలబడే మనిషి ఆమె. ఎన్నిసార్లో మబ్బు పట్టి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "అక్కడ మబ్బు పట్టదా?" అంది. ఎడారమ్మా, వానే అరుదు అన్నాను. "అదృష్టవంతులు" అంది.

వాడి ఉత్తరంలో అసలు సంగతి తర్వాత ఉంది. నైలు నది మీద కడుతున్న అస్వాన్ ఆనకట్ట వల్ల ఆ గుడి మునిగిపోతుందని 1964 నుంచి 1968 వరకు దాన్నీ, పక్కనున్న చిన్న గుడినీ కలిపి వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి, 200 మీటర్ల వెనక్కి తెచ్చి మళ్ళీ పేర్చారు. యునెస్కో పిలుపుతో ఎన్నో దేశాలు డబ్బిచ్చాయి. ఒక్కో ముక్క సగటున 20 టన్నులు. ఇంజనీరింగ్ కుర్రాడు కదా, కోతల గురించీ క్రేన్ల గురించీ వాడు రాసిన రాతకి అంతు లేదు.

అంతా విని మా అమ్మ ఒకటే అడిగింది: "మరి ఆ ఊళ్ళవాళ్ళు?"

ఆమె పుట్టిల్లు హిరమండలం వైపు. ఆ ఊరిప్పుడు వంశధార జలాశయం నీళ్ళ కింద ఉంది. రాళ్ళు విడదీసి మోసుకొచ్చారంటే ఆమెకి వింతగా ఏమీ అనిపించలేదు. మా మావయ్యలు కూడా ఇంటి తలుపులూ దూలాలూ ఊడదీసి ట్రాక్టర్ల మీద తెచ్చుకున్నారు.

వాడికి జవాబు తెలియదు. గైడు చెప్పలేదు, వాడు అడగలేదు. మర్నాడు తనని తిప్పే కారు డ్రైవరుని అడిగాడు. ఆయన ఈజిప్టు, సూడాన్‌ల నడుమ నైలు ఒడ్డున ఉన్న నూబియా ప్రాంతపు మనిషి. ఈజిప్టు వైపు దాదాపు 50,000 మంది నూబియన్లని 1963–64లో నైలు ఒడ్డు నుంచి ఖాళీ చేయించి కోమ్ ఒంబో దగ్గర కాలనీలకి పంపారట. కొత్త కాలనీలకి పాత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు, నైలు మాత్రం దూరమైపోయింది. పనిలో పనిగా ఆ డ్రైవరు వాడికి కొషరి తినిపించాడు. అన్నం, పప్పు, మాకరోనీ కలిపి, పైన టమాటా పులుసూ వేయించిన ఉల్లిపాయలూ వేస్తారట. ఇదంతా ఆ మోకాలి ఫొటోలో ఎక్కడుంది?

"అంత పొడుగు రాస్తే ఎవరు చదువుతారు మావయ్యా?" అని వాడి బాధ. చదవలేనివాళ్ళు చదివించుకుంటారు. ఒకప్పుడు ఈ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని రంగం, అంటే బర్మాలో రంగూన్, వెళ్ళినవాళ్ళు, రాత రాకపోతే పక్కవాళ్ళ చేత రాయించి పంపేవారు. ఇప్పుడు గల్ఫ్‌కి వెల్డింగు పనికి వెళ్ళిన కుర్రాడు షిఫ్టు దిగి, మంచం మీద వాలి, గదిలో ఎంతమంది, ఎండ ఎలా ఉంది, బియ్యం ఏ రకం, మేస్త్రీ ఏ దేశంవాడు అన్నీ ఫోనులో చెబుతాడు. పనికి వెళ్ళినవాడికి ఇన్ని కనబడుతున్నాయి. చూడడానికే డబ్బు పెట్టి వెళ్ళినవాడికి చెప్పడానికి ఏమీ ఉండదు! తనకోసం చూస్తే మోకాలితో సరిపెట్టుకున్నవాడు, అమ్మమ్మకి చెప్పాలి కాబట్టే డ్రైవరుని నోరు తెరిచి అడిగాడు.

ఆ ఉత్తరాన్ని పునరావాస కాలనీలో ఉంటున్న మా పెద్దమావయ్యకి ఫోనులో చదివి వినిపించాను. ఊఁ కొడుతూ చివరిదాకా విన్నాడు. "పరిహారం ఎంతిచ్చారట? ఇంటికా, మనిషికా?" అన్నాడు. మేనల్లుడికి పంపాను. డ్రైవరు నంబరు ఉందట, కనుక్కుంటానన్నాడు.