పైపు నోరు మూసిన సెక్రటరీ గారు

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి ఎక్కడ పైపు కారుతున్నా టెన్షనే. బెంగళూరులో కాపురం మరి, ఆయన్నీ అనలేం. మారతహళ్లిలో మా గేటు పక్కన, సిమెంటు రోడ్డు అంచు కింద నుంచి ఒక పైపు కాలువలోకి తొంగిచూసేది. వాన వెలిసిన మర్నాడు కూడా బొట్లు బొట్లుగా కారేది. దోమలు, ఎలుకలు అంటూ ఆయన మేస్త్రీని పిలిపించి మూతి సిమెంటుతో మూయించేశారు. మీటింగులో చప్పట్లు కూడా పడ్డాయి.

ఒంగోలు నుంచి వచ్చిన మా మామగారు రోడ్ల ఇంజనీరుగా రిటైరయ్యారు. చూడగానే, "ఎవరు బాబూ దీని నోరు మూసింది?" అన్నారు. సెక్రటరీ గారిని నిలబెట్టి చెప్పారు కూడా: "సిమెంటు రోడ్డులోకి నీళ్లు దిగవనుకోకండి. అది పలకలు పలకలుగా ఉంటుంది, నాలుగున్నర మీటర్లకో జాయింటు ఉంటుంది. ఆ సందు మూసే సీలెంటు పాడైతే వాన నీళ్లు లోపలికే. అవి బయటికి రావడానికే అంచున చిల్లుల పైపు. కారుతోందంటే పనిచేస్తోందన్నమాట."

"రోడ్డు రాయిలా ఉంది సార్" అంటూ ఆయన కాలితో తన్ని చూపించారు. చెప్పు తెగింది.

ఏప్రిల్లో మామిడి జల్లులు మొదలయ్యాయి. మూడో అంతస్తులో గృహప్రవేశం. పట్టుపంచెతో గేటు దగ్గర నిలబడి, ఆలస్యమైన వాటర్ ట్యాంకరు వాణ్ణి సెక్రటరీ గారు ఫోన్లో కేకలేస్తున్నారు. ట్యాంకరు రానే వచ్చింది, నిండుగా. చక్రం జాయింటు ఎక్కగానే పలక అంచు దిగింది, సందులోంచి బురద నీళ్లు పిచికారీ కొట్టాయి. ముందు చక్రాలకు పంచె, వెనక చక్రాలకు కండువా.

మామగారు పాయసం గ్లాసుతోనే పరుగున వచ్చి, పంచె మీది బురదను వేళ్ల మధ్య నలిపి చూశారు. "దీన్ని పంపింగ్ అంటారు బాబూ. ఇది ఉత్త బురద కాదు, పలక కింద ఉండాల్సిన సన్న రేణువులు. ఇలా పోతూ ఉంటే కింద డొల్ల పడుతుంది, ఆనక పలక మూల విరుగుతుంది."

"పంచె సంగతి చెప్పండి సార్!" అన్నారు సెక్రటరీ గారు.

సాయంత్రం మేస్త్రీ మళ్లీ వచ్చి బిరడా పగలగొట్టాడు. ఎలుకలకు మామగారు మూతికి జాలీ బిగించమన్నారు, వానల ముందు పూడిక తీయమన్నారు. బయటికొస్తున్న నీళ్లు చూసి సెక్రటరీ గారు, "మొక్కలకు పట్టుకుంటే ట్యాంకరు డబ్బులు మిగులుతాయేమో" అన్నారు.

మేస్త్రీ మాత్రం రెండు బిల్లులిచ్చాడు, మూసినందుకొకటి, తెరిచినందుకొకటి. రెండోది ఏ పద్దులో రాయాలో ట్రెజరర్ ఇంకా తేల్చలేదు. పంచె ఉతుకుడు కూడా అందులోనే కలపాలని సెక్రటరీ గారి పట్టు.