ఫ్రేము మీద పేరెవరిది?

(లండన్ శివారు హారోలో ఒక తెలుగు వారి ఇల్లు. సుబ్బారావు తన కొలతలకు ప్రత్యేకంగా చేయించుకుంటున్న స్టీలు సైకిల్ ఫ్రేము రంగు వేసే దశకు వచ్చింది. తన పేరు ఎక్కడ వేయమంటారని తయారీదారు అడిగాడు.)

సుబ్బారావు: ఆయన పేరు ఎక్కడా వేయవద్దని రాసేస్తున్నాను, కామేశ్వరీ. నా బండి ఎక్కి ఇంకొకరి ప్రకటనను ఊరంతా తిప్పవలసిన కర్మ నాకేమిటి?

కామేశ్వరి: టాప్ ట్యూబు, అదే సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే పై గొట్టం మీద ‘సుబ్బారావు’ అని బంగారు అక్షరాలతో రాయమని కొలతల కాగితం అడుగున మీరు చేర్చిన వాక్యం నేను చూశానండీ. గొట్టాలు కోసి, వాటిని కలిపే లగ్గులనే లోహపు తొడుగుల్లోకి ఇత్తడి కరిగించి, ఆ అంచులను ఆకురాయితో ఓపికగా అరగదీసిన మనిషి పేరు పనికిరాదు కానీ, కొలతలకు నిలబడడం తప్ప ఏ పనీ చేయని మీ పేరు మాత్రం పనికివస్తుందా?

సుబ్బారావు: పనితనమే పేరు చెబుతుంది. ఈ లండన్‌లోనే, టాటెన్‌హామ్‌లో, 1930లలో తయారైన హెచిన్స్ ఫ్రేములకు వెనుక చక్రాన్ని పట్టుకునే గొట్టాలు వంపులు తిరిగి ఉండేవి. ఆ వంపు తెలిసినవాడికి అక్షరాలతో పనే లేదు.

కామేశ్వరి: ఈ కథ భోజనాల దగ్గర విని విని నాకు కంఠతా వచ్చింది. హెచిన్ దుకాణదారు, వంపులు తిప్పిన చేతులు జాక్ డెన్నీవి. వంపు చూసినవాడు ‘హెచిన్స్’ అన్నాడే కానీ ‘డెన్నీ’ అన్నాడా?

సుబ్బారావు: పోనీ, బెల్జియం సైకిల్ పందెగాడు ఎడీ మెర్క్స్ సంగతి తీసుకో. 1972లో మెక్సికో నగరంలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు సాధించిన సైకిల్‌ను చేసింది ఇటలీలోని ఎర్నెస్టో కొల్నాగో అయితే, దాని మీద ఉన్నది మెక్సికో కంపెనీ విండ్సర్ పేరు. అంతమాత్రాన బండి వేగం తగ్గిందా?

కామేశ్వరి: బండికేం, బాగానే పరుగెత్తింది. కానీ ఆ కొల్నాగో మాత్రం తన సొంత ఫ్రేముల మీద పేరూ, పేకముక్కలోని కళావరు గుర్తూ వేసుకోవడం మానలేదు. అయినా పదేళ్ల తరువాత ఎక్కడో అతుకు విడిపోతే, అప్పటికి ఆ బండి ఎవరి చేతిలో ఉన్నా, అడుగున కొట్టిన నంబరు పట్టుకుని ఎవరి గడప తొక్కాలి?

సుబ్బారావు: మన పెళ్లికి వచ్చిన స్టీలు బిందెల మీద చేసినవాడి పేరు ఉందా? ఇచ్చినవారి పేరే చెక్కి ఉంది. మన సంప్రదాయం అది.

కామేశ్వరి: అలాగే పాటిద్దాం. ఈ ఫ్రేముకు డబ్బు నా బోనసులోంచి వెళ్లింది కనుక, టాప్ ట్యూబు మీద ‘కామేశ్వరి గారిచే బహూకరించబడినది’ అని రాయమంటాను.

సుబ్బారావు: ఆగు, ఆగు! ఆయన పేరే వేయమను. కింది ఏటవాలు గొట్టం, ఆ డౌన్ ట్యూబుకు రెండు వైపులా, వీధి చివరి వరకూ కనిపించేటట్టు వేయమను.

కామేశ్వరి: అక్కడ ఆయన పేరే ఉంటుందండీ. పైన మాత్రం నాదే. ఉత్తరం పంపించేశాను.