రోబో కాల్స్: ఫిర్యాదు చేసేది మనం, జరిమానా మాత్రం ఇంకెక్కడికో పోతుంది

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్స్ కాగితం మీద చదివితే మనం వద్దన్నాక రికార్డెడ్ కాల్ ఒక్కటి కూడా రాకూడదు. 2007లో డు నాట్ కాల్ రిజిస్ట్రీ పెట్టారు, 2010లో దాన్ని మార్చారు, అదీ చాలక 2018లో బ్లాక్‌చైన్ మీద నడిచే పద్ధతి తెచ్చారు. ఆ 2018 రూల్స్‌లో డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) ఆప్షన్లు ఎంత వివరంగా ఉంటాయంటే, మనిషి చేసే కాల్ వేరు, నంబర్లు తనే కలిపే ఆటో డయలర్ వినిపించే రికార్డెడ్ కాల్ వేరు, ఆటో డయలర్ నంబర్ కలిపి మనిషికి అందించేది వేరు, రోబో కాల్ వేరు, దేనికదే వద్దనొచ్చు, ఏ రోజుల్లో వద్దో ఏ టైంలో వద్దో కూడా చెప్పొచ్చు. ఇంత రాసిపెట్టినా ఫోన్లు ఆగట్లేదంటే లోపం రూల్ రాయడంలో లేదు, రూల్ తప్పినోడు ఎవరికి జవాబు చెప్పాలి అన్న దగ్గరే ఉంది.

గట్టిగా పట్టుకుంటే ఫలితం ఉంటుంది, అది చూశాం కూడా. ప్రమోషనల్ కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి, కానీ చాలామంది మామూలు నంబర్ల నుంచో, కాల్ సెంటర్లకిచ్చే ఎస్ఐపీ, పీఆర్ఐ లైన్ల నుంచో కంప్యూటర్‌తో వేలమందికి ఒకేసారి కొట్టిస్తారు. 2024 మొదటి ఆర్నెల్లలోనే టెలిమార్కెటర్లుగా రిజిస్టర్ కాని ఇలాంటి వాళ్ల మీద 7.9 లక్షల ఫిర్యాదులొచ్చాయి. అప్పుడు ట్రాయ్ ఆగస్టు 13న, రిజిస్టర్ కాకుండా ఇలా కాల్స్ చేసేవాళ్ల లైన్లన్నీ కోసేయండి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టండి అని టెలికాం కంపెనీలకి ఆర్డరేసింది, కొద్ది వారాల్లోనే 50కి పైగా సంస్థలు బ్లాక్‌లిస్ట్‌లోకి వెళ్లాయి, 2.75 లక్షల కనెక్షన్లు పోయాయి. ఫిర్యాదులు ఆగస్టులో 1.89 లక్షలుంటే అక్టోబర్‌కి 1.51 లక్షలకి తగ్గాయి. తగ్గడం నిజమే, కానీ నెలకి లక్షన్నర అంటే అది తక్కువేం కాదు, పైగా అది ఓపిక చేసుకుని ఫిర్యాదు చేసినవాళ్ల లెక్క మాత్రమే.

ఆ ఓపిక ఎంతమందికుంటుంది? మా అమ్మ మధ్యాహ్నం అలా నడుం వాలుస్తుందో లేదో ఫోన్ మోగుతుంది, లేచి కళ్లజోడు వెతుక్కుని ఎత్తితే "మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ రెడీగా ఉంది, వివరాలకి ఒకటి నొక్కండి" అని రికార్డు చేసిన ఆడగొంతు. అమ్మ "నాకొద్దమ్మా, ఇంకెవరికైనా ఇయ్యండి" అని మర్యాదగా చెప్తుంది, ఆ గొంతు మాత్రం ఆగకుండా చెప్పుకుపోతూనే ఉంటుంది. అవతల మనిషే లేదని తెలియని మనిషి స్పామ్ ఫిర్యాదుల నంబర్ 1909కి ఆ నంబరూ తేదీ రాసి మెసేజ్ పెడుతుందని ఎలా అనుకుంటాం?

2025 ఫిబ్రవరిలో కొంత సులువు చేశారు, ఫిర్యాదుకి మూడ్రోజులున్న గడువు ఏడయింది, రిజిస్టర్ కాని వాళ్ల మీద టెలికాం కంపెనీ ముప్పై రోజుల్లో కాదు ఐదు రోజుల్లో చర్య తీసుకోవాలి, ఆ చర్యకి పది రోజుల్లో ఐదు ఫిర్యాదులొస్తే చాలు. తప్పు లెక్కలిచ్చే టెలికాం కంపెనీలకి 2 లక్షల నుంచి 10 లక్షల దాకా జరిమానా కూడా పెట్టారు. మంచిదే, కాదనను. కానీ ఈ వ్యవహారమంతా ట్రాయ్‌కీ కంపెనీకీ మధ్యే నడుస్తుంది, నిద్ర పాడైన మనిషికి దక్కేది మీ ఫిర్యాదు క్లోజ్ చేశాం అన్న మెసేజే.

అమెరికాలో 1991లో తెచ్చిన టీసీపీఏ చట్టం ఇక్కడే వేరు. పర్మిషన్ లేకుండా రికార్డెడ్ గొంతుతో ఫోన్ చేస్తే ఆ ఫోనెత్తినవాళ్లే కోర్టుకెళ్లొచ్చు, కాల్‌కి 500 డాలర్లు, కావాలని చేశారని తేలితే 1500 దాకా. వేలమంది కలిసి కేసేస్తే పెద్ద కంపెనీకైనా చెమటలు పట్టాల్సిందే. అక్కడ కాల్స్ ఆగిపోయాయా అంటే లేదు, కారు వారంటీ కాల్స్‌తో విసిగిపోని మనవాళ్లు అక్కడ ఎవరున్నారు, దేశం బయటినుంచి కొట్టేవాళ్లు కోర్టుకి దొరకరు, 2021లో ఫేస్‌బుక్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టంలో ఆటో డయలర్ అర్థాన్ని బాగా కుదించేసింది కూడా. అయినా రికార్డెడ్ గొంతు మీద నిషేధం అలాగే ఉంది. 2024 జనవరిలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతుని ఏఐతో తయారుచేసి న్యూహాంప్‌షైర్ ఓటర్లకి కాల్స్ చేస్తే, ఫిబ్రవరిలోనే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, ఏఐ గొంతు కూడా కృత్రిమ గొంతే, ఇదే చట్టం వర్తిస్తుంది అని తేల్చేసింది, ఆ కాల్స్ చేయించిన కన్సల్టెంట్‌కి, వేరేవాళ్ల నంబర్ చూపించినందుకు, తర్వాత 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

ఈ ఏఐ గొంతు విషయంలో మన తెలుగు రాష్ట్రాలకి ఎక్కువ భయం ఉండాలి, ఎందుకంటే రికార్డు గొంతు అడిగితే అంకె నొక్కి జవాబిచ్చే ఐవీఆర్ఎస్ కాల్స్ మనకి బాగా అలవాటు. అభ్యర్థి మీద సర్వే అంటే ఐవీఆర్ఎస్, పథకం మీద అభిప్రాయం అంటే ఐవీఆర్ఎస్, నాయకుడి గొంతు వినపడగానే జనం ఒకటో రెండో నొక్కేస్తారు. ట్రాయ్ రూల్స్ వ్యాపార కాల్స్ గురించే, పార్టీల ప్రచారం అందులోకి రాదు. ఎన్నికల టైంలో వాయిస్ మెసేజ్‌లకి ముందస్తు సర్టిఫికేషన్ కావాలని ఎన్నికల సంఘం చెప్తుంది గానీ ఎన్నికల కోడ్ లేని మిగతా రోజుల్లో ఎవరు చూస్తారు?

2023 టెలికాం చట్టంలో సెక్షన్ 28 ఉంది, ప్రకటనల మెసేజ్‌లకి ముందస్తు అనుమతి ఉండాలని రూల్ పెట్టే అధికారం దాంతో కేంద్రానికొచ్చింది. అందులోనూ వస్తువులు, సేవలు, ఆస్తులు, ఉద్యోగాలు, పెట్టుబడుల మాటే తప్ప ఓట్ల మాట లేదు, దాన్ని చేర్చాలి. దానికంటే ముందు, ఫిర్యాదు నిజమని తేలిన ప్రతి కాల్‌కి ఇంత అని డబ్బు ఆ ఫోనెత్తినవాళ్ల ఖాతాలోనే పడేలా రాయాలి, వంద రూపాయలైనా సరే. లోన్ ఫారం అడుగున చిన్నక్షరాల్లో టిక్కు పెట్టించుకుని దాన్నే అనుమతి అని చూపించే దారి కూడా అందులోనే మూసేయాలి.